'రాజనీతిజ్ఞుడు' అనే మాట ఊరి సర్పంచ్‌కి వాడకూడదా?

పాకాల_జంక్షన్

మా పాప తొమ్మిదో తరగతి. పోయిన నెల ఒక వ్యాసరచన పోటీలో 'నేను మెచ్చిన నాయకుడు' అని అంశం ఇచ్చారు. పిల్లలంతా గాంధీ, అంబేద్కర్, అల్లూరి గురించి రాస్తే మా పాప మా ఊరి పాత సర్పంచ్ గురించి రాసింది. ఆయన పోయి రెండేళ్లయింది. వ్యాసంలో ఒకచోట 'ఆయన గొప్ప రాజనీతిజ్ఞుడు' అని రాసింది. దిద్దినాయన ఆ మాట కింద ఎర్ర గీత గీసి, 'సర్పంచ్‌కు వర్తించదు, రాజకీయ నాయకుడు అని రాయాలి' అని పక్కన రాసి రెండు మార్కులు తీసేశారు.

బహుమతి రాలేదని పాపకి బాధ లేదు. "ఆ మాట తప్పా నాన్నా?" అని అడుగుతోంది. నేను బీకాం. నాకు చెప్పడం రాలేదు.

ఆయన ఏం చేశాడో కూడా చెప్తాను, అది తెలియకుండా మీరు చెప్పలేరు. 1999లో మా పంచాయతీకి హైస్కూలు మంజూరైంది. పంచాయతీలో మా ఊరే పెద్దది, ఓట్లన్నీ ఇక్కడే. వంక (వాగు) అవతల ఇంకో పల్లె ఉంది, అరవై గడప. మా ఊళ్లో అందరూ రచ్చబండ పక్కన బడి కట్టాలని పట్టుబట్టారు. ఆయన వినలేదు. వంక అవతల, ఆ చిన్న పల్లె వైపు కట్టించాడు. 2001 ఎన్నికల్లో మా ఊరోళ్లే ఆయన్ని ఓడించారు. నేను ఆ బళ్లోనే చదివాను. ఇప్పుడు మా పాప కూడా అక్కడే.

ఇంతకీ ఆ మాటకి అసలు అర్థం ఏమిటి? ఎవరికి వాడొచ్చు?

అలిపిరి_మెట్లు

తొమ్మిదో తరగతి పిల్ల ఆ జ్ఞ ఒత్తు తప్పు లేకుండా రాసిందా? ముందు దానికి రెండు మార్కులు కలపాలి కదన్నా.

చంద్రగిరి_కోట

దిద్దినాయన్ని పూర్తిగా తప్పు పట్టలేం. రాజనీతి అంటే రాజ్యం నడిపే విద్య. అది తెలిసినవాడు రాజనీతిజ్ఞుడు. మన దగ్గరే ఉదాహరణ ఉంది. శ్రీకృష్ణదేవరాయలు రాజు, తిమ్మరుసు ఆయనకి రాజనీతి చెప్పిన మంత్రి. రాయలు ఆయన్ని అప్పాజీ అని పిలిచేవాడు. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చేది తిమ్మరుసే. రాజ్యాల స్థాయి మాట అది, పంచాయతీకి తెస్తే పలచబడిపోతుంది.

పాకాల_జంక్షన్

మరి రాజు రాజనీతిజ్ఞుడు కాదా అన్నా? మంత్రి మాత్రమేనా?

చంద్రగిరి_కోట

మంచి ప్రశ్న. రాయలు ఇద్దరి పనీ చేశాడు. ఆముక్తమాల్యదలో నాలుగో ఆశ్వాసం తీస్తే అక్కడ రాజనీతి ఉంటుంది. యామునాచార్యుడు కొడుక్కి రాజ్యం అప్పగిస్తూ చెప్పే మాటలుగా రాశాడు. రేవుల్ని బాగుచేయమని, గుర్రాలు, ఏనుగులు, మణులు, గంధం తెచ్చే పరదేశి వర్తకుల్ని ఆదరించమని అందులో ఉంది. చెరువులు, కాలువలు తవ్వించి పేద రైతుకి పన్ను తగ్గించమని కూడా ఉంది. ఏలే మనిషి, కావ్యం రాసే మనిషి ఒకడే అయితే ఎట్లుంటుందో అది చదివితే తెలుస్తుంది. తిరుమల కొండ మీద గుళ్లోకి పోతూ, చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహాన్ని చూస్తాం కదా, ఇద్దరు రాణులతో. నేను ప్రతిసారీ అక్కడ ఒక్క నిమిషం ఆగుతాను.

అలిపిరి_మెట్లు

ఆ క్యూలో ఒక్క నిమిషం ఆగనిచ్చారా నిన్ను? అదృష్టవంతుడివి.

హిందీ_అక్కయ్య

ఈ గొడవ ఎక్కడినుంచి వస్తుందో నాకు అర్థమైంది. నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా హిందీ చెప్తున్నాను. ప్రతి ఏడూ ఇదే తికమక. హిందీలో 'రాజనీతి' అంటే మామూలు రాజకీయం. అక్కడి పేపర్లలో 'రాజనీతిజ్ఞ' అంటే ఎన్నికల్లో నిలబడే ఎవరైనా. స్టేట్స్‌మన్ అనడానికి 'రాజనేతా' అంటారు. మనకు సరిగ్గా తలకిందులు. మనం రాజకీయం అనేదాన్ని వాళ్లు రాజనీతి అంటారు. మన 'రాజకీయ' అనే మాటకి హిందీలో ప్రభుత్వానిది అని అర్థం. ఉత్తర ప్రదేశ్‌లో ప్రభుత్వ కాలేజీ బోర్డు మీద 'రాజకీయ ఇంటర్ కాలేజ్' అని ఉంటుంది. మా పిల్లలు దాన్ని చూసి "అక్కడ రాజకీయాలు నేర్పుతారా మేడమ్" అని అడుగుతారు.

హిందీ నుంచి తెలుగులోకి వార్తలు మార్చేవాళ్లు చూసుకోకుండా 'రాజనీతిజ్ఞ'ని అలాగే దించేస్తే, మామూలు ఎమ్మెల్యే కూడా మనకు రాజనీతిజ్ఞుడై కూర్చుంటాడు. కాబట్టి తెలుగులో ఆ మాట బరువు వేరు. పాప దాన్ని బరువు తెలిసే వాడింది అనిపిస్తోంది.

డెస్క్_రాత్రిడ్యూటీ

అక్కయ్య చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఒక పత్రికలో డెస్క్ మీద పదిహేనేళ్లు పనిచేశాను. ఏజెన్సీ కాపీ హిందీలో వస్తే కొత్తగా చేరిన పిల్లలు అట్లాగే దించేవాళ్లు. కొట్టేసి 'రాజకీయ నాయకుడు' అని రాయడం నా పని.

ఇంకో సంగతి. మా డెస్కులో ఎవరూ పెట్టని ఒక రూలు నడిచేది. మనిషి బతికున్నంత కాలం 'సీనియర్ నేత'. పోయిన రాత్రి మొదటి పేజీలో 'రాజనీతిజ్ఞుడు'. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది. నిజంగా తగిన మనిషికి ఆ మాట బతికుండగా ఒక్కసారైనా వినిపించాలి కదా. పాకాల అన్నా, మీ సర్పంచ్ ఉన్నప్పుడు ఆయనకి ఈ మాట ఎవరైనా అన్నారా?

పాకాల_జంక్షన్

లేదన్నా. ఓడిపోయినాక ఆయన ఇంటి ముందు నుంచి పోతూ పలకరించనోళ్లు కూడా ఉన్నారు.

పలమనేరు_మూడుదార్లు

మా వైపు ఈ మాట ఎవరూ వాడరు. మాకు పది మైళ్లు పోతే కన్నడం. కన్నడంలో స్టేట్స్‌మన్‌ని 'ముత్సద్ది' అంటారు. మరాఠీలోనూ అదే. మనకూ ఉంది కదా, 'రాజకీయ ముత్సద్ది'. నోరు తిరుగుతుంది, పిల్లలకి రాయడానికి కూడా సులువు. రాజనీతిజ్ఞుడు ఎందుకు?

సంస్కృతం_ఎమ్మే

ముత్సద్ది మన మాట కాదు, అరబీ నుంచి పారశీకం మీదుగా వచ్చింది. 'ముతసద్దీ' అంటే ఒక పని మీదేసుకున్నవాడు. మొగలుల కాలంలో గుమస్తాల్ని, లెక్కలు రాసేవాళ్లని అట్లా పిలిచేవాళ్లు. సూరత్ రేవుకి పెద్ద అధికారిగా ఉన్నాయన్ని కూడా ముతసద్దీ అనేవాళ్లు.

పలమనేరు_మూడుదార్లు

గుమాస్తా మాట ఎదిగి రాజ్యాలు నడిపే మాట అయిందంటే ఇంకా మంచిది కదప్పా! కింది నుంచి పైకొచ్చిన మాట. సర్పంచ్‌కి అదే బాగుంటుంది.

హిందీ_అక్కయ్య

కానీ ముత్సద్ది అంటే చెవికి ఇంకో వాసన వస్తుంది తమ్ముడూ. తలపండినవాడు, ఎదుటివాడి ఎత్తు ముందే పసిగట్టేవాడు. అందులో మంచితనం ఉండాలనేం లేదు. ఓడిపోతానని తెలిసీ బడి అవతల కట్టినాయన్ని ముత్సద్ది అంటే నాకు నప్పలేదు.

నగరి_నేతన్న

తమిళంలో 'రాజతంత్రి' అంటారు. మాకు నగరిలో రెండు భాషల పేపర్లూ వస్తాయి. తంత్రం అనగానే తెలుగోళ్లకి మోసం గుర్తొస్తుంది, తమిళోళ్లకి అట్లా కాదు, వాళ్లకి అది మర్యాదైన మాటే. ఒకే మాట సరిహద్దు దాటితే రంగు మారుతుంది, మా మగ్గం మీద ఒకే నూలు రెండు అద్దకాల్లో ముంచినట్టు.

ఫ్లెక్సీ_డిజైనర్

నాది తిరుపతిలో ఫ్లెక్సీ షాపు. జనం అడిగే మాటలు మూడే: 'అపర చాణక్యుడు', 'రాజకీయ దురంధరుడు', 'అభివృద్ధి ప్రదాత'. రాజనీతిజ్ఞుడు అని ఇన్నేళ్లలో ఇద్దరు అడిగారు. అందులో ఒకాయన కాగితం మీద 'రాజనీతిగ్నుడు' అని రాసిచ్చాడు. నేను సరిచేసి వేస్తే, తప్పుగా వేశావని డబ్బులు ఇవ్వనన్నాడు. నిఘంటువు తెచ్చి చూపించి వసూలు చేసుకున్నాను.

సంస్కృతం_ఎమ్మే

అన్నా, 'దురంధరుడు' కూడా తప్పే. 'ధురంధరుడు' అనాలి, మొదటి అక్షరం ధు. ధుర అంటే కాడి, బండి బరువు పడే చోటు. ఆ బరువు మోసేవాడు ధురంధరుడు. దు అని రాస్తే ఆ కాడి పోతుంది, దురద, దుర్బుద్ధి లాంటి మాటల పక్కన చేరుతుంది.

ఫ్లెక్సీ_డిజైనర్

అయ్యో. ఎన్ని వందల ఫ్లెక్సీలు వేశానో. రేపటి నుంచి ధు వేస్తాను. ఎవరైనా తప్పన్నారంటే నీ పోస్టు చూపిస్తా.

అలిపిరి_మెట్లు

కాడి మోసేవాడంటే ఎద్దు కదా. ఎన్నికల గుర్తుల్లో పాతకాలం కాడెద్దులు ఊరికే పెట్టలేదన్నమాట.

వేదిక_నిర్వాహకుడు

గుర్తుల దగ్గర ఆగండి. పార్టీల చర్చ ఇక్కడ వద్దు, మాట గురించి మాట్లాడుకుందాం.

సంస్కృతం_ఎమ్మే

అసలు మాటకి వస్తాను, కొంచెం పెద్ద పోస్టు.

'నీ' అనే ధాతువుకి తీసుకుపోవడం, నడిపించడం అని అర్థం. దాన్నుంచే నేత, నాయకుడు, నీతి. ముగ్గురూ ఒక తల్లి పిల్లలు. నేత నడిపించేవాడు, నీతి నడిపించే పద్ధతి. రాజనీతి అంటే రాజ్యాన్ని నడిపించే పద్ధతి. చివరన 'జ్ఞ' అంటే తెలిసినవాడు. కృతజ్ఞుడు, సర్వజ్ఞుడు లాంటిదే. 'వేత్త' అన్నా తెలిసినవాడే, అయితే వేత్త శాస్త్రం దగ్గర ఎక్కువ నిలబడింది. శాస్త్రవేత్త, ఆర్థికవేత్త, దౌత్యవేత్త.

కాబట్టి వ్యుత్పత్తి ప్రకారం రాజనీతిజ్ఞుడికి పదవి అక్కర్లేదు, తెలివి ఉంటే చాలు. విదురుడి చేతిలో ఏ రాజ్యముంది? దాసీపుత్రుడని సింహాసనానికి దూరం పెట్టారు. ధృతరాష్ట్రుడు రాత్రంతా నిద్రపట్టక పిలిపిస్తే నీతి చెప్పాడు. ఆయన విన్నాడే కానీ చేయలేదు. అయినా మనం రాజనీతిజ్ఞుడు అనేది విదురుణ్ణే కానీ గద్దె మీది ధృతరాష్ట్రుణ్ణి కాదు. ఆ లెక్కన సర్పంచ్ చిన్న పదవి కాబట్టి వర్తించదు అన్న మాట నిలబడదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. సంస్కృతంలో నీతి అంటే మంచితనం ఒక్కటే కాదు. సామ, దాన, భేద, దండాలు నాలుగూ నీతిలోనివే. చాణక్యుడు గూఢచారుల గురించి పేజీలకు పేజీలు రాశాడు, అదీ నీతే. తెలుగులోకి వచ్చాక నీతి అంటే ధర్మం, నిజాయితీ అయింది. లంచానికి మనం పెట్టుకున్న పేరు ఏమిటి? అవినీతి. అందుకే తెలుగు చెవికి 'రాజనీతిజ్ఞుడు' అనగానే అవినీతికి దూరమైనవాడు అని కూడా వినపడుతుంది. ఈ రెండో అర్థం నిఘంటువులో దొరక్కపోవచ్చు, జనం చెవిలో మాత్రం ఉంది. పాప రాసింది ఆ అర్థంలోనే అని నాకనిపిస్తుంది.

చంద్రగిరి_కోట

విదురుడి మాట దగ్గర నేను కొంచెం వెనక్కి తగ్గుతున్నాను. పదవి సంగతి వదిలేస్తాను. కానీ ఒకే ఒక్క మంచి పని చేసినవాణ్ణి ఆ మాటతో పిలవొచ్చా? అది నా అసలు అనుమానం.

తిరుచానూరు_తోట

ఒక్క పని కాదు, ఒక్క జీవితం చూపిస్తాను. మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1891లో మా తిరుచానూరులో పుట్టారు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకి వెళ్లి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1956లో మొదటి స్పీకర్ మావలంకర్ పోయాక స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు, 1962 వరకు. ఆ తర్వాత బిహార్ గవర్నర్. కొత్తగా పుట్టిన పార్లమెంటుకి అలవాట్లు నేర్పిన తరం అది. ప్రశ్న ఎట్లా అడగాలి, అధ్యక్షుడు ఎప్పుడు లేవాలి, ప్రతిపక్షం మాట ఎంతవరకు వినాలి, ఇవన్నీ వాళ్ల చేతుల మీదుగా కుదిరాయి. మా ఊరి పిల్లల్ని ఆయన ఎవరని అడగండి. తెలియదంటారు. నాకు నిజంగా కడుపు మండిపోతుంది.

కట్టమంచి_కుర్రోడు

మా కట్టమంచి రామలింగారెడ్డిని ఎందుకు వదిలేశారు? 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్. 1930లో సత్యాగ్రహుల మీద సర్కారు లాఠీ తీస్తే, దానికి నిరసనగా ఆ కుర్చీ వదిలేశాడు. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా నడిపాడు. ఆయన అప్పటికి కాంగ్రెస్ మనిషి కాదు, జస్టిస్ పార్టీలో తిరిగినవాడు. అయినా జైలుకు పోతున్నవాళ్ల కోసం పదవి వదిలాడు. కుర్చీ ఎప్పుడు వదలాలో తెలిసినవాడు రాజనీతిజ్ఞుడు అని నేనంటాను.

డెస్క్_రాత్రిడ్యూటీ

రెడ్డిగారిని పేపర్లు 'విద్యావేత్త' అనే రాశాయి. ఒక మనిషికి ఒక బిరుదు అతికించేస్తే రెండోది అంటుకోదు. అయ్యంగార్ గారికీ అంతే, 'పార్లమెంటేరియన్' అన్నారు. దానికి తెలుగు మాట కూడా వెతకలేదు.

నగరి_నేతన్న

నా మాట కూడా వినండి. తిరుత్తణి ఒకప్పుడు మన చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అది మాదంటే మాదని రెండు వైపులా గొడవలు. చివరికి పటాస్కర్‌ని మధ్యవర్తిగా పెట్టారు. ఒక్కో ఊరిని ఒక్కో లెక్కగా తీసుకుని, ఏ భాషవాళ్లు ఎక్కువ, ఏ ఊరు దేనికి ఆనుకుని ఉంది అని చూసి గీత గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. చెంగల్పట్టు, సేలం జిల్లాల్లోని కొన్ని ఊళ్లు మనకొచ్చాయి. దేశంలో ఇప్పటికీ తేలని సరిహద్దులు ఉన్నాయి, పిల్లలు దెబ్బలు తింటున్నారు. ఇక్కడ కూర్చుని మాట్లాడుకుని తేల్చారు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి చూడండి, అదీ రాజనీతి అంటే.

పుత్తూరు_పిల్ల

నేతన్న మామా, మా అమ్మమ్మది తిరుత్తణి పక్క పల్లె. రాత్రి ఆంధ్రలో పడుకుని తెల్లారి మద్రాసులో లేచామని చెప్పేది. ఆ తర్వాత మా అమ్మకి ఇంటి దగ్గర తెలుగు చెప్పే అయ్యవారు దొరకలేదు. పుత్తూరులో చుట్టాలింట్లో ఉండి చదివింది. పెద్దోళ్లు గీత బాగా గీశారు, నేను కాదనను. గీత మీద ఇల్లున్న వాళ్లని ఎవరు అడిగారు?

నగరి_నేతన్న

నువ్వు చెప్పింది నిజమమ్మా. మా వాళ్లలో కూడా అట్లాంటి ఇళ్లున్నాయి. గీత అక్కర్లేదని నేను ఇప్పటికీ అనను. కానీ మీ అమ్మ చదువు సంగతి కూడా ఆ లెక్కలోకి రావాలి.

పలమనేరు_మూడుదార్లు

నీళ్లది చెప్పండి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర మూడూ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు మద్రాసు దాహానికి ఇస్తామని ఒప్పుకున్నాయి. మొత్తం 15. కండలేరు జలాశయం నుంచి మద్రాసు దగ్గరి పూండికి పోయే కాలువ అందుకే. నీళ్ల కోసం అన్నదమ్ములు కొట్టుకునే చోట, పక్క రాష్ట్రం ఊరికి తాగునీళ్లు ఇస్తామని మూడు రాష్ట్రాలు సంతకం పెట్టడం చిన్న సంగతా? వాళ్ల పేర్లు ఎవరూ ఫ్లెక్సీ మీద వేయరు.

ఫ్లెక్సీ_డిజైనర్

ఆర్డర్ ఇస్తే వేస్తాను.

చంద్రగిరి_కోట

ఇవన్నీ సరే, మళ్లీ సర్పంచ్ దగ్గరికి వస్తాను. పాకాల తమ్ముడూ, బడి వంక అవతల కడితే మీ ఊరి పిల్లలు ఎట్లా పోయేవాళ్లు?

పాకాల_జంక్షన్

నీళ్లలోనే అన్నా. నేను ఎనిమిది, తొమ్మిది, పది మూడేళ్లూ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, బ్యాగు తల మీద పెట్టుకుని దాటాను. వాన పెద్దదైతే బడి ఎగ్గొట్టేవాళ్లం. నేను పది పాసై పోయినాక, 2003లో కొత్త సర్పంచ్ వంక మీద కల్వర్టు కట్టించాడు.

చంద్రగిరి_కోట

అట్లయితే నా అనుమానం ఇంకా గట్టిపడింది. పెద్ద ఊరి వందమంది పిల్లల్ని వంకలో నడిపించి, చిన్న పల్లె ఇరవైమంది పిల్లలకి ఇంటి ముందు బడి కట్టాడు. కష్టం తీర్చింది ఆయన్ని ఓడించి వచ్చిన కొత్త సర్పంచ్. మరి రాజనీతిజ్ఞుడు ఎవరు? కోపం తెచ్చుకోవద్దు, పాప రేపు ఇంకో పోటీలో ఇదే రాస్తే ఎవరో ఒకరు ఇదే అడుగుతారు.

పుత్తూరు_పిల్ల

నాకు కోపం వచ్చింది.

హిందీ_అక్కయ్య

ప్రశ్న న్యాయమైందే. ఆ పెద్దాయన బడి అవతలే ఎందుకు కట్టాలనుకున్నాడు? ఊరికి ఏమని చెప్పాడు? స్థలం ఎవరిది? ఇది తెలియకుండా ఎటూ తేలదు. పాకాల తమ్ముడూ, వాళ్ల ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

పాకాల_జంక్షన్

ఆయన భార్య ఉందక్కా, అవ్వకి డెబ్బై ఎనిమిది. ఆదివారం పాపని తీసుకుని పోతాను.

అలిపిరి_మెట్లు

ఆదివారం దాకా అందరం కాచుకోవాలా? రెండు మార్కుల టెన్షన్ ఇంత ఉంటుందని నాకు తెలియదు.

రేణిగుంట_గేట్‌మ్యాన్

ఆలోపల నాదొక చిన్న మాట. మా ఊళ్లో ఎవరినైనా 'రాజకీయం చేస్తున్నాడు' అన్నారంటే తిట్టినట్టే. అన్నదమ్ముల పంపకాల్లో కూడా 'మా వదిన రాజకీయం' అంటారు. అంత చెడిపోయిన మాట అది. 'రాజనీతి' అని ఎవరూ ఎవరినీ తిట్టరు. వాడక వాడక ఉండటం వల్లనే అది ఇంకా శుభ్రంగా ఉంది. నాకు భయం ఏమిటంటే, ఫ్లెక్సీల మీదికి ఎక్కితే అదీ పాడవుతుంది.

సంస్కృతం_ఎమ్మే

అట్లాగని బీరువాలో పెట్టి తాళం వేస్తే చచ్చిపోతుంది గేటన్నా. చూసుకుని, తగిన మనిషికి వాడాలి.

డెస్క్_రాత్రిడ్యూటీ

పీవీ గారికి వాడితే చాలామంది ఒప్పుకుంటారు. 1991లో దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటినప్పుడు మైనారిటీ ప్రభుత్వంతో ఆర్థిక సంస్కరణలు తెచ్చారు. అదే మనిషి గురించి 1992 డిసెంబర్ మాటెత్తితే ఒప్పుకోనివాళ్లూ అంతే ఉన్నారు. అంటే ఈ మాట ఒక మనిషి మీద ఒకసారి వేసేసే ముద్ర కాదు, ఏ పనికి అంటున్నామో చెప్పి అనాలి. పాప వ్యాసంలో ఆ పని రాసింది కదా.

వేదిక_నిర్వాహకుడు

1992 మీదికి వెళ్లొద్దు. కొత్త దారం తెరుచుకోండి.

పాకాల_జంక్షన్

పోయొచ్చాను. ఫోన్లో టైపు చేస్తున్నాను, తప్పులుంటే చూసుకోండి.

బడి స్థలం ఎకరన్నర. అది సర్పంచ్‌ది కాదు, అవ్వది. వాళ్ల నాయన పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను. పట్టా ఆమె పేరు మీదే ఉండింది. మా ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఇది తెలియదు. ఊళ్లో సగం మందికి తెలియదు.

అవతలే ఎందుకిచ్చావవ్వా అని పాప అడిగింది. అవ్వ చెప్పిన మాట చెప్పినట్టే రాస్తున్నాను. "బడి ఈ పక్క ఉంటే అవతలి పల్లె పిల్లకాయలు వంక దాటి రావాల. వాళ్లు పోయి కల్వర్టు కావాలని అడిగితే ఎవురు కడతారు, అరవై గడప ఓట్లకి? ఆడపిల్లలైతే వానాకాలం రాగానే మానేస్తారు. బడి ఆ పక్కనుంటే ఈ పక్క పెద్దూరోళ్ల పిల్లకాయలు తడస్తారు. పెద్దూరోళ్లు ఊరుకోరు. ఎవురో ఒకరు గెలిచి కట్టాల్సిందే. అప్పుడు రెండు పక్కలా దారవుతాది. మా ఆయనకి అదే చెప్పినా. ఓడిపోతాను గదా అన్న్యాడు. ఓడిపో, నీకేం తక్కువ అన్న్యా."

చంద్రగిరి అన్నా, కల్వర్టు ఎవరు కట్టినా కట్టేట్టు చేసింది ఎవరో ఇప్పుడు చెప్పు.

చంద్రగిరి_కోట

చెప్పడానికి ఏమీ లేదు తమ్ముడూ. నేను పెట్టిన పోస్టు తీసేయను, అట్లాగే ఉండనీ. అవ్వకి నా దండం చెప్పు.

పుత్తూరు_పిల్ల

నేను బస్సులో చదువుతూ ఏడ్చేశాను. పక్క సీటావిడ ఏమైందమ్మా అంటోంది.

నగరి_నేతన్న

గీత మీద ఇల్లున్న వాళ్లని ఎవరు అడిగారు అన్నావు కదమ్మా. ఈ అవ్వ అడిగింది.

పాకాల_జంక్షన్

ఇంకొక సందేహం. పాప ఆ వ్యాసం మళ్లీ మొదటినుంచి రాస్తోంది, ఈసారి పోటీ కోసం కాదు. అవ్వ గురించి. ఆడవాళ్లకి ఆ మాట ఎట్లా రాయాలని అడుగుతోంది. 'రాజనీతిజ్ఞుడు' అంటే కుదరదు కదా.

సంస్కృతం_ఎమ్మే

రాజనీతిజ్ఞురాలు. కృతజ్ఞురాలు అంటాం కదా, అట్లాగే. 'జ్ఞు' కింద కొమ్ము మరిచిపోవద్దని చెప్పండి.

ఫ్లెక్సీ_డిజైనర్

అన్నా, బడి గోడకి అవ్వ పేరుతో ఒక బోర్డు వేస్తాను, డబ్బులొద్దు. కొలత పంపు. ఆ మాట పాప చేత్తోనే రాయించి ఫోటో తీసి పంపు, అదే అక్షరం వేస్తాను.

పాకాల_జంక్షన్

అవ్వని అడిగి చెప్తానన్నా. చేను ఇచ్చిన సంగతి ఇన్నేళ్లు చెప్పుకోని మనిషి, బోర్డంటే ఏమంటుందో.